అస్కర్నిష్ ట్రిప్: ముందు పడవ, తర్వాతే టీ టైమ్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నలుగురు వెళ్తున్నారు, అందులో ఒకరి నాన్నగారు ఉన్నారు, ఆయనకు మోకాళ్ల నొప్పి. వచ్చే జూన్‌లో గ్లాస్గోలో దిగి, నాలుగు రోజుల్లో అస్కర్నిష్, డర్నెస్, రాయల్ డార్నక్ అనే మూడు స్కాట్లండ్ గోల్ఫ్ కోర్సులూ ఆడి వెనక్కి రావాలి. టీ టైమ్‌లు (కోర్సులో ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే సమయాలు) ఏ వరసలో బుక్ చేయాలి, కిట్‌లో ఏముండాలి, జూన్ మంచిదా సెప్టెంబర్ మంచిదా అని కూడా అడిగారు.

నాలుగు రోజుల్లో ఆ మూడూ కుదరవు. ఒకవేళ కుదిరినా, ఆడిన సేపు కన్నా కారులో కూర్చున్న సేపే ఎక్కువ ఉంటుంది. మ్యాపులో చూస్తే మూడూ స్కాట్లండ్ ఉత్తరాన చేయి చాపితే అందేంత దగ్గర్లో కనిపిస్తాయి. కానీ అస్కర్నిష్ ఉన్నది సౌత్ యూయిస్ట్ అనే దీవిలో, పడమటి సముద్రానికి అవతల. డర్నెస్ ప్రధాన భూభాగానికి వాయవ్య మూల చివరన ఉంది. డార్నక్ తూర్పు తీరంలో ఉంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే పడవ టైమూ, ఒంటి వరస రోడ్డూ చెప్పినట్టు వినాల్సిందే, మీ టీ టైమ్‌ను అవి పట్టించుకోవు.

కాబట్టి ముందు ఒకటి తేల్చుకోండి. ఈ ట్రిప్ అస్కర్నిష్ కోసమా, లేక ఉత్తర స్కాట్లండ్‌లో మంచి లింక్స్ గోల్ఫ్ (సముద్ర తీరపు ఇసుక నేల మీద ఆడే గోల్ఫ్) కోసమా? మొదటిదే అయితే మిగతా రెండూ వదిలేసి నాలుగు రోజులూ యూయిస్ట్‌లోనే ఉండండి. రెండోదైతే అస్కర్నిష్ వదిలేయండి. ఇన్వర్‌నెస్‌లో దిగి డార్నక్, దాని చుట్టుపక్కలున్న టేన్, బ్రోరా కోర్సులు ఆడి, ఒక రోజు డర్నెస్ వెళ్లి రండి. పడవ గొడవే ఉండదు, పెద్దాయనకూ తేలిక. మూడూ కావాల్సిందే అంటే ఏడు రోజులు పెట్టుకోండి, దారి కింద చెప్తాను. ఒక్క కోర్సు కోసం నాలుగు రోజులా అని మీ వాళ్లు అంటారేమో. అస్కర్నిష్ విషయంలో అది ఎక్కువేమీ కాదు.

ఎందుకంటే అక్కడ ఉన్న కోర్సుకి వెనక చరిత్ర ఉంది. ఆ భూముల యజమాని లేడీ గోర్డన్ క్యాత్‌కార్ట్ పిలిస్తే 1891లో ఆ కాలపు పేరున్న గోల్ఫర్, కోర్సుల రూపకర్త ఓల్డ్ టామ్ మారిస్ అక్కడికి వచ్చి కోర్సు వేశాడు. ఆయనకప్పుడు 70 ఏళ్లు. అంతకు ముందు 1886లో డార్నక్‌లో, 1890లో టేన్‌లో పని చేసినవాడే. తర్వాత కాలంలో ఆ దీవిలో ఆట సన్నగిల్లింది, ఇసుక దిబ్బల్లోని హోల్స్ (బంతి కొట్టే చోటు నుంచి గుంట దాకా ఉండే ఆట భాగాలు) గడ్డిలో కలిసిపోయాయి, చదునుగా ఉన్న మేర తొమ్మిది హోల్స్‌తో నెట్టుకొచ్చారు. 2005లో గోర్డన్ ఇర్విన్ అనే కోర్సు గడ్డి సంరక్షణ నిపుణుడు చేపలు పట్టడానికని వచ్చి ఆ దిబ్బలు చూశాడు. డిజైనర్ మార్టిన్ ఈబర్ట్‌తో, ఊరివాళ్ల చేతి సాయంతో పాత కోర్సును మళ్లీ లేపారు, 2008లో 18 హోల్స్ తెరిచారు. యంత్రాలతో మట్టి తోడి ఆకారాలు దిద్దలేదు, ఉన్న నేల ఉన్నట్టే ఉంచారు. చలికాలంలో అక్కడ పశువులు మేస్తాయి. ఆ మేత హక్కుల మీద రైతులకూ క్లబ్బుకూ కోర్టు దాకా వెళ్లిన తగాదా కూడా నడిచింది. ఆ భూములు 2006 నుంచి దీవి ప్రజల సొంత సంస్థ చేతిలో ఉన్నాయి. మీరు అక్కడ ఫెయిర్‌వే (హోల్ పొడవునా కత్తిరించిన గడ్డి బాట) మీద పేడ కనిపిస్తే ముఖం చిట్లించకుండా ఉండాలని ఇదంతా చెప్తున్నాను. మేత ఆ నేల మీద గోల్ఫ్ కంటే పాతది.

ఇక బుకింగ్ వరస. మీరు టీ టైమ్ మొదలుపెట్టి వెనక్కి వెళ్తున్నారు. దాన్ని తిరగెయ్యండి. మొదట పడవలో కారుకి చోటు, తర్వాత బస, తర్వాత అద్దె కారు, చివర గోల్ఫ్. అస్కర్నిష్ లాంటి క్లబ్బులో జూన్ వారం మధ్యలో నలుగురికి చోటు దొరకడం కష్టమేమీ కాదు. జూన్‌లో కార్ డెక్ మీద చోటు, దీవిలో నలుగురికి గదులు దొరకడం కష్టం. దీనికి ఒక్కటే మినహాయింపు రాయల్ డార్నక్ ఛాంపియన్‌షిప్ కోర్సు. ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు, టీ టైమ్‌లు నెలల ముందే అయిపోతాయి. ఏడు రోజుల దారి పట్టేట్టయితే డార్నక్ తేదీ, పడవ తేదీ ఒకే రోజు కూర్చుని కంప్యూటర్లో రెండు విండోలు తెరిచి పెట్టుకుని చూసుకోండి.

సౌత్ యూయిస్ట్‌కి నేరుగా వెళ్లే పడవ మాలేగ్ నుంచి లాక్‌బాయ్స్‌డేల్‌కి, సుమారు మూడున్నర గంటలు. మ్యాపులో అదే సులువుగా కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. నేనైతే దాని మీద ట్రిప్ కట్టను. గాలికి త్వరగా రద్దయ్యే దారి అది. పైగా నౌకల కొరత వస్తే మొదట కోత పడేది దానికే. 2023 జూన్‌లో దాదాపు నెలంతా ఆ సర్వీసు లేక దీవి జనం వందలాదిగా రేవులో నిరసనకి దిగారు. అదీ మీరు వెళ్లాలనుకుంటున్న నెలే. స్కై దీవిలో యూయిగ్ నుంచి లాక్‌మాడీకి వెళ్లే పడవ దానికన్నా నమ్మకం. గంటా ముప్పావు ప్రయాణం. స్కైకి 1995 నుంచి వంతెన ఉంది కాబట్టి అక్కడి దాకా కారులోనే పోవచ్చు. లాక్‌మాడీ నార్త్ యూయిస్ట్‌లో ఉంది. నార్త్ యూయిస్ట్, బెన్‌బెక్యులా, సౌత్ యూయిస్ట్ మూడూ సముద్రం మీద కట్టిన రాళ్ల కట్టలతో కలిసి ఉన్నాయి. రేవు నుంచి అస్కర్నిష్ దాకా గంటంపావు వేసుకోండి.

ఇందుకే గ్లాస్గోలో దిగొద్దు అంటాను. గ్లాస్గో నుంచి యూయిగ్ దాకా ఐదున్నర గంటలు, మధ్యలో టీకి ఆగితే ఆరు. ఇన్వర్‌నెస్ నుంచైతే మూడు గంటల లోపే. లండన్ మీదుగా వస్తున్నట్టయితే ఇన్వర్‌నెస్‌కి విమానాలున్నాయి. చివరికి డార్నక్ ఆడి గంటలో విమానాశ్రయం చేరుకోవచ్చు కూడా.

గ్లాస్గో నుంచి బెన్‌బెక్యులాకి చిన్న విమానం ఉంది, గంట ప్రయాణం. పెద్దాయన కోసం దాన్ని ఆలోచిస్తున్నారని అర్థమైంది. మనుషుల వరకు మంచి దారే. గోల్ఫ్ బ్యాగుల దగ్గర జాగ్రత్త. చిన్న విమానం పొట్టలో చోటు తక్కువ, నాలుగు బ్యాగులూ అదే విమానంలో వస్తాయన్న హామీ ఉండదు. టికెట్‌తో పాటే బ్యాగులు కూడా చెప్పి బుక్ చేయండి. బూట్లు, వాన బట్టలు, ఒక గ్లవ్ చేతి సామానులో పెట్టుకోండి. బ్యాగు ఆలస్యమైనా అద్దె క్లబ్బులతో (ఆడే కర్రలతో) ఆడొచ్చు, అద్దె బూట్లతో ఆడలేరు. ఇంకొకటి, మీలో ఎవరికైనా గోల్ఫ్ బ్యాగు మోసే ఎలక్ట్రిక్ ట్రాలీ ఉంటే దాని లిథియం బ్యాటరీ మీద రాసి ఉన్న వాట్ అవర్స్ చూసుకోండి. 160 దాటితే విమానం ఎక్కనివ్వరు. 100కీ 160కీ మధ్య ఉంటే ముందే అనుమతి తీసుకుని క్యాబిన్‌లో పెట్టుకోవాలి. చాలామంది ఇది చెక్ఇన్ కౌంటర్ దగ్గర తెలుసుకుంటారు.

ఏడు రోజులు దొరికితే నేను చెప్పే దారి ఇది. శనివారం ఇన్వర్‌నెస్ నుంచి యూయిగ్, సాయంత్రం పడవకి లాక్‌మాడీ, రాత్రికి సౌత్ యూయిస్ట్. ఆదివారం, సోమవారం అస్కర్నిష్. మంగళవారం ఉత్తరానికి, బెర్నరే నుంచి లెవర్‌బరాకి గంట పడవ. అది రాళ్ల మధ్య సన్నటి దారిలో బోయాల వెంట అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోతుంది, నాకు ఈ ట్రిప్‌లో గోల్ఫ్ కాని వాటిలో అన్నిటికంటే ఇష్టమైన గంట అదే. దిగితే హారిస్ దీవి. దారిలోనే స్కారిస్టా బీచ్ పక్కన తొమ్మిది హోల్స్ కోర్సు. రాత్రికి హారిస్‌తో నేల కలిసే ఉన్న లూయిస్‌లోని రేవు పట్టణం స్టార్నవే. బుధవారం ఉదయం పడవకి రెండున్నర గంటల్లో ఉల్లాపూల్, అక్కణ్నుంచి కారులో రెండు గంటలకి డర్నెస్. జూన్‌లో రాత్రి పదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆరుకి మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. గురువారం లెయిర్గ్ మీదుగా రెండు గంటలు డార్నక్. శుక్రవారం ఇంటికి.

శనివారమే ఎందుకంటే ఆదివారం ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. సౌత్ యూయిస్ట్‌లో ఎక్కువమంది క్యాథలిక్కులు, ఆదివారం అక్కడ మామూలుగానే గడుస్తుంది. నార్త్ యూయిస్ట్, హారిస్, లూయిస్ దీవుల్లో ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) సంప్రదాయం, ఆదివారం విశ్రాంతి దినం. స్టార్నవే నుంచి ఉల్లాపూల్‌కి ఆదివారం పడవ మొదలైందే 2009లో, దానికీ పెద్ద వ్యతిరేకత వచ్చింది. హారిస్‌లో ఆదివారం గోల్ఫ్ సంగతి దేవుడెరుగు, పెట్రోలు, భోజనం కూడా నమ్ముకోవద్దు. శనివారం రాత్రే ట్యాంకు నింపి, మర్నాటికి తిండి కొని పెట్టుకోండి.

ఇందులో సోమవారం అస్కర్నిష్ రెండోసారి ఎందుకు పెట్టానో గమనించారా? అది ఖాళీ రోజు. శనివారం పడవ రద్దయి ఆదివారం వెళ్లాల్సి వస్తే సోమవారం ఆడతారు. ఆదివారం నిలబడలేనంత గాలి వీస్తే సోమవారం ఉంది. రెండూ జరగకపోతే రెండోసారి ఆడతారు. ఆ కోర్సు అసలు రెండోసారే అర్థమవుతుంది, ఎందుకంటే మొదటిసారి సగం షాట్లకి ఎక్కడ కొట్టాలో తెలియదు. నాలుగు రోజుల యూయిస్ట్ ట్రిప్ అయినా ఇదే సూత్రం. రెండు రోజులు రాకపోకలు, ఒక రోజు ఆట, ఒక రోజు ఖాళీ. ఖాళీ రోజు లేకుండా దీవికి గోల్ఫ్ ట్రిప్ వేయడం కన్నా వేయకపోవడం నయం. ముఖ్యంగా తిరుగు ప్రయాణం పడవ, అంతర్జాతీయ విమానం ఒకే రోజు పెట్టకండి.

పడవ బుక్ చేసేటప్పుడు మీ ఫోన్ నంబరు ఇచ్చి మెసేజ్ అలర్టులు పెట్టించుకోండి. రద్దు కబురు ముందు రోజు సాయంత్రమే రావచ్చు. వచ్చిన వెంటనే వేరే రూటుకి మార్చమని అడగాలి, తెల్లారి రేవుకి వెళ్లి లైన్లో నిలబడితే అప్పటికే చోట్లు అయిపోయి ఉంటాయి. అద్దె కారు పొడవు సరిగ్గా చెప్పండి. నాలుగు బ్యాగులు, నలుగురు మనుషులంటే మామూలు కారు చాలదు. పెద్ద బండి ఖాయం చేసుకున్నాకే పడవలో చోటు బుక్ చేయండి, లేదా ఆ బండి పొడవు కనుక్కుని అయినా బుక్ చేయండి. బండిని దీవులకి తీసుకెళ్లడానికి ఒప్పుకుంటారా అని అద్దె కంపెనీని రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

రోడ్ల సంగతి. ఉల్లాపూల్ నుంచి డర్నెస్, డర్నెస్ నుంచి లెయిర్గ్, యూయిస్ట్‌లో పక్క దారులు, చాలా చోట్ల ఒక్క బండి పట్టే రోడ్డు, మధ్య మధ్యలో తప్పుకోవడానికి వెడల్పు చోట్లు. ఎదురుగా బండి కనిపిస్తే మీ ఎడమవైపు చోటు ఉంటే అందులోకి వెళ్లి ఆగండి. అది కుడివైపు ఉంటే రోడ్డు మీదే ఎదురుగా ఆగండి, వాళ్లు పక్కకి తీసుకుంటారు. వెనక స్థానికుల బండి వస్తుంటే కూడా తప్పుకుని పోనివ్వాలి, ఇది టూరిస్టులు మర్చిపోతారు. ఫొటో కోసం ఆ చోట్లలో పార్క్ చేస్తే తిట్లు తప్పవు. సాయంత్రం వేళ తారు వెచ్చగా ఉంటుందని గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. నావిగేషన్ చెప్పే టైముకి ఇంకో పావు వంతు కలుపుకోండి. ఫోన్ సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉంటాయి, మ్యాపులు ముందే దింపి పెట్టుకోండి.

పెద్దాయన విషయం వేరుగా చెప్తాను, ఎందుకంటే మీ ప్లాన్ మొత్తం ఆయన మోకాళ్ల మీద ఆధారపడి ఉంది. 18 హోల్స్ నడిస్తే ఎక్కడైనా ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అవుతుంది. దూరం కన్నా ఎగుడుదిగుడే ఎక్కువ బాధ. అస్కర్నిష్‌లో మొదటి ఆరు హోల్స్ కాస్త చదును నేల మీదే ఉంటాయి. ఏడో హోల్ నుంచి దిబ్బల్లోకి ఎక్కుతారు, అక్కణ్నుంచి మడమ కింద నేల రెండు అడుగులు వరసగా ఒకేలా ఉండదు. ఇసుక మీద పలచటి గడ్డి, కుందేళ్ల బొరియలు, దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఆయన ఆ ఆరు హోల్స్ ఆడి క్లబ్ హౌస్‌కి తిరిగొచ్చి, మర్నాడు మళ్లీ ఆరు ఆడినా ట్రిప్‌కి న్యాయం జరిగినట్టే. బగ్గీ (కోర్సులో కూర్చుని తిరిగే చిన్న బండి) ఉంటుందని అనుకుని మాత్రం వెళ్లకండి. క్లబ్బుకి ఫోన్ చేసి, ఫలానా వయసు, ఫలానా ఇబ్బంది అని నేరుగా చెప్పి, ఆ వారంలో బండి ఏదైనా ఉంటుందా అని అడగండి. డార్నక్‌లో కూడా డాక్టర్ కాగితం అవసరమా, ముందే చెప్పాలా అని అదే పద్ధతిలో కనుక్కోండి. మూడింటిలో ఆయనకి డర్నెస్ బాగా నచ్చుతుంది. తొమ్మిదే హోల్స్, రెండో రౌండుకి వేరే టీలు (హోల్‌లో మొదటి బంతి కొట్టే చోట్లు) ఉన్నాయి కాబట్టి మీరు ముగ్గురూ 18 ఆడతారు, ఆయన తొమ్మిదితో ఆపేస్తారు. అక్కడ చివరి హోల్ సముద్రపు చీలిక మీదుగా కొట్టే పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్). టీ దగ్గర నిలబడితే కింద నీళ్లు రాళ్లకి కొట్టుకునే చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, అవతల గట్టు మీద గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి), మధ్యలో నేల లేదు. దూరం పెద్దగా ఉండదు, అయినా చేతులు బిగుసుకుంటాయి. పెద్దాయన మొదటి రౌండ్ ముగించి అక్కడే కూర్చుంటే రెండో రౌండ్‌లో మీ ముగ్గురి తంటాలూ చూడొచ్చు.

క్లబ్బులకి ఫోన్ అన్నాను కదా. ఈమెయిల్ రాసి జవాబు రాలేదని కంగారు పడకండి. చిన్న క్లబ్బులు నడిపేది ఊరివాళ్లే, చాలామందికి పగలు వేరే పని ఉంటుంది. ఫోన్‌లో అడగాల్సినవి: ఆ రోజు క్లబ్ పోటీ ఏమైనా ఉందా, గ్రీన్లకి ఆ వారంలో రంధ్రాలు కొట్టి ఇసుక చల్లుతున్నారా, క్లబ్ హౌస్‌లో మనిషి ఏ వేళల్లో ఉంటారు, తినడానికి ఏమైనా దొరుకుతుందా, అద్దె ట్రాలీలు, క్లబ్బులు ఎన్ని ఉన్నాయి. ఎవరూ లేని వేళ వెళ్తే డబ్బు పెట్టెలో వేసి ఆడుకోమంటారు, కాబట్టి పౌండ్ నోట్లు, చిల్లర దగ్గరుంచుకోండి. హారిస్ కోర్సులో ఆ డబ్బు పెట్టెకి ఒక కథ ఉంది. 1990ల్లో ఇంగ్లండ్ మేటి గోల్ఫర్ నిక్ ఫాల్డో అక్కడ ఆడి ఫీజు కింద సంతకం పెట్టిన ఐదు పౌండ్ల నోటు ఇచ్చి వెళ్లాడు. క్లబ్బు దాన్ని ఖర్చు పెట్టకుండా దాచి, ఆ నోటు పేరు మీదే పోటీ పెట్టుకుంది.

ఆట గురించి. మీరు అలవాటుపడ్డ మెత్తటి, నీళ్లు పట్టిన ఫెయిర్‌వేలు ఇక్కడ ఉండవు. బంతి పడ్డాక ఆగదు. గాలి ఏ రోజైనా ఉంటుంది, ఎదురుగాలి గట్టిగా ఉంటే ఏడో ఐరన్ క్లబ్బుతో కొట్టే దూరానికి, ఇంకా దూరం పంపే ఐదో ఐరన్ పట్టాల్సి వస్తుంది. ఎత్తుగా లేపి గ్రీన్ మీద ఆపుదామనుకునే వాళ్లకి రోజంతా నరకమే. బంతిని స్టాన్స్‌లో కాస్త వెనక పెట్టి, క్లబ్బు కొంచెం కిందికి పట్టుకుని, మూడొంతులు ఊపుతో కిందగా కొట్టండి. గ్రీన్ బయట 20, 30 గజాల దూరంలో కూడా బంతిని దొర్లించే క్లబ్బు, అంటే పటర్, తీయడానికి సిగ్గుపడకండి, అక్కడి వాళ్లు అదే చేస్తారు. బంతిని ఎత్తుగా లేపే 60 డిగ్రీల వెడ్జ్ ఇంట్లో వదిలేసినా నష్టం లేదు. గట్టి నేల మీద పలచటి గడ్డిలో అది పైకెత్తే షాట్ల కన్నా బంతి నెత్తిన తగిలి అవతలికి పోయే షాట్లే ఎక్కువ. అస్కర్నిష్ 16వ గ్రీన్‌ని ఓల్డ్ టామ్ పల్పిట్ అంటారు. ఎత్తు మీద ఉంటుంది, అవతలి వైపు లోతుగా జారిపోతుంది. ఎగిరేసి కొట్టిన బంతి అవతల గుంటలో దొరుకుతుంది.

నియమాల్లో మీకు రోజూ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. బంతి వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే. దిబ్బల మీది పొడవాటి గడ్డిలోకి వెళ్లిందన్న అనుమానం వస్తే ఆలోచించకుండా ‘ప్రొవిజినల్’ అని పైకి చెప్పి, మొదటిది దొరక్కపోతే ఆడటానికి ఇంకోటి కొట్టండి. కుందేలు బొరియలో పడినా, బొరియ కాలికి అడ్డం వచ్చినా ఉచితంగా తప్పించుకోవచ్చు, ఆ చోటుకి దగ్గర్లో అడ్డు పూర్తిగా పోయే చోటు చూసి ఒక క్లబ్ పొడవులోపు డ్రాప్ చేయాలి. పేడ, గొర్రె పెంటికలు రాలిన ఆకుల్లాంటివే, తీసేయొచ్చు, బంతి కదలకుండా చూసుకోవాలి. స్కోరు లెక్కపెట్టే ఆట కన్నా ఇద్దరిద్దరు జట్లుగా, హోల్ హోల్‌కీ గెలుపోటములు చూసే మ్యాచ్ ప్లే పెట్టుకోండి. స్ట్రోకులు లెక్కపెడితే మూడో హోల్‌కే ఒకరి ముఖం మాడుతుంది.

కిట్‌లో ముఖ్యమైనవి బూట్లు రెండు జతలు, ఎందుకంటే ఒక జత రాత్రికి రాత్రి ఆరదు. వాన ప్యాంటు తప్పనిసరి, జాకెట్ ఒక్కటే చాలదు, గాలికి వాన అడ్డంగా వస్తుంది. తడిస్తే పట్టు ఇచ్చే వాన గ్లవ్‌లు ఒక జత. ఉన్ని టోపీ, జూన్ అయినా సరే. గొడుగు దండగ, అది ఎగిరిపోకుండా పట్టుకోవడమే పనవుతుంది. బంతులు మనిషికి రెండు డజన్లు తెచ్చుకోండి. బండి మీద పెట్టే పెద్ద బ్యాగ్ వద్దు, పది పన్నెండు క్లబ్బులతో తేలికైన క్యారీ బ్యాగ్ చాలు. 14 అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, అన్నీ మోయాలని ఎవరూ చెప్పలేదు. డార్నక్‌లో హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయిని చెప్పే అంకె) అడుగుతారు, ఆ రుజువు ఫోన్‌లోనూ కాగితం మీదా రెండు చోట్లా ఉంచుకోండి. డార్నక్ గ్రీన్లు చూసేటప్పుడు ఒకటి గమనించండి. అంచులు నాలుగు వైపులా జారిపోయే ఎత్తు గ్రీన్లు అవి. అమెరికాలో పైన్‌హర్స్ట్ నంబర్ 2 చేసిన డోనల్డ్ రాస్ 1872లో పుట్టింది ఈ ఊళ్లోనే, అవి చూస్తూ పెరిగినవాడే.

చివరగా జూనా, సెప్టెంబరా. పెద్దాయన లేకపోతే సెప్టెంబర్ అనేవాణ్ని. పడవలో చోటు తేలిగ్గా దొరుకుతుంది, గదులు దొరుకుతాయి, నేల వేసవంతా ఎండి బంతి బాగా దొర్లుతుంది. కానీ సెప్టెంబర్ మూడో వారానికి పగలు పన్నెండు గంటలకి తగ్గిపోతుంది, తుఫాను గాలులు కూడా మొదలవుతాయి, పడవ రద్దయితే కోలుకునే సమయం ఉండదు. జూన్‌లో రోజంతా పోయినా సాయంత్రం ఇంకో నాలుగు గంటల వెలుతురు మిగిలి ఉంటుంది. అంటే ఆయన్ని తొందరపెట్టకుండా, మధ్యలో రెండు గంటలు పడుకోనిచ్చి, సాయంత్రం ఐదింటికి మళ్లీ టీ మీదకి తీసుకెళ్లొచ్చు. తీరం పొడవునా ఆ ఇసుక మైదానాలు పూలతో నిండేదీ జూన్, జులైల్లోనే. ఒక్క ఇబ్బంది మిడ్జ్ అనే సన్న దోమలు. గాలి వీస్తున్నంత సేపూ అవి ఎగరలేవు, తీరం కోర్సుల్లో ఆ బెడద తక్కువే. గాలి ఆగిన సాయంత్రం, ముఖ్యంగా బస దగ్గర, ముఖానికి వల, చేతులకి మందు ఉంటే బతికిపోతారు. పొడవాటి గడ్డిలో బంతి వెతికిన రోజు రాత్రి కాళ్లకి పిడుదులు పట్టాయేమో చూసుకోండి, లైమ్ జబ్బు వాటి నుంచే వస్తుంది.

జూన్ మొదటి రెండు వారాల్లో ఏదైనా ఒక శనివారం యూయిగ్ పడవలో పెద్ద కారుకి చోటు ఉందేమో ముందు చూడండి. ఆ తేదీ దొరికాక చెప్తే డార్నక్ గురువారం కుదురుతుందా, లేక వరస తిరగేసి డార్నక్‌తో మొదలుపెట్టాలా అన్నది చూద్దాం.